వేరు లెక్క లేని కర్బన లెక్క

వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కర్బన విపణికి సంబంధించిన విధివిధానాల చట్రాన్ని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో విడుదల చేసింది. ‘కార్బన్ క్రెడిట్’ అన్న మాట నేడు విశ్వవిద్యాలయ సభల్లోనే కాక రైతు శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తోంది. నేలలో కర్బనాన్ని నిలిపిన రైతుకు ప్రతిఫలం దక్కాలన్న భావనతో ఎవరికీ పేచీ ఉండనవసరం లేదు. అయితే పైరు గాలి నుంచి ఎంత కర్బనం తీసుకుంటోంది, అందులో ఎంత తిరిగి వదులుతోంది, చివరకు నేలలో ఎంత మిగులుతోంది అన్న లెక్క మన నేలల్లో, మన రకాలతో, మన వాతావరణంలో తేలకముందే రైతును దీర్ఘకాలిక ఒప్పందాలకు ప్రోత్సహించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ లెక్క తేలకపోవడానికి ఒక ముఖ్య కారణం మన ప్రయోగ క్షేత్రాల్లోనే ఉంది. మనం గింజను కొలుస్తున్నాం గాని వేరును కొలవడం లేదు.

పొలంలో జరిగే కర్బన వినిమయం రెండు పెద్ద ప్రవాహాల మధ్య మిగిలే చిన్న తేడా మాత్రమే. పగలు ఆకులు కిరణజన్య సంయోగక్రియ ద్వారా కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహిస్తాయి. అలా గ్రహించిన కర్బనంలో దాదాపు సగం మొక్క శ్వాసక్రియ ద్వారానే తిరిగి గాలిలో కలుస్తుంది. మిగిలిన దానిలో కొంత గింజగా, చొప్పగా పొలం దాటి వెళ్తుంది. కొయ్యకాళ్లు, వేర్లు, వేర్ల నుంచి స్రవించే పదార్థాలు నేలకు చేరుతాయి. వాటిని సూక్ష్మజీవులు తిని మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతాయి. రెండు పెద్ద అంకెల మధ్య తేడా చిన్నదైనప్పుడు, ఆ అంకెల్లో ఏ ఒక్కటి కొద్దిగా తప్పినా ఫలితం తారుమారవుతుంది. మిగులు అనుకున్నది లోటు కావచ్చు.

ఈ తేడాను నిర్ణయించే వాటిలో వాతావరణంతో పాటు మొక్క లక్షణాలూ ఉన్నాయి. ఆకు మందం, ఆకులోని నత్రజని, ఆకు ఆయుష్షు, పత్రరంధ్రాల సంఖ్య, వేరు లోతు, వేరులో లిగ్నిన్ పాలు మొదలైనవి ఇందులో ముఖ్యమైనవి. ప్రపంచంలోని 175 ప్రదేశాల నుంచి 2,548 మొక్క జాతుల ఆకులను పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. పల్చని, నత్రజని ఎక్కువగా గల ఆకులు వేగంగా కర్బనాన్ని గ్రహించి త్వరగా రాలిపోతాయని, దళసరి ఆకులు నెమ్మదిగా గ్రహించి ఎక్కువ కాలం నిలుస్తాయని అది స్పష్టం చేసింది. ఈ లక్షణాలు స్థిరమైనవి కూడా కావు. గత రెండు శతాబ్దాల్లో సేకరించి భద్రపరచిన ఆకులను పరిశీలించిన వుడ్‌వర్డ్, వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ పత్రరంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గిందని 1987లో చూపారు. అంటే పరిసరం మారితే మొక్క మారుతుంది, మొక్క మారితే పొలం చేసే కర్బన వినిమయమూ మారుతుంది. నిన్నటి రకంతో, నిన్నటి వాతావరణంలో తీసిన సగటు అంకెను రేపటి పొలానికి అంటగట్టడం అందువల్ల సరికాదు.

పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. గాలిలో కర్బనం పెరగడం పైరుకు ఎరువు వంటిదేనని, వరి, వేరుశనగ, పత్తి, కంది వంటి సి3 పైర్లు దీనివల్ల లాభపడతాయని కొందరు వాదిస్తారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. జొన్న, మొక్కజొన్న, సజ్జ వంటి సి4 పైర్లకు ఆ లాభం స్వల్పమే, నీటి ఎద్దడి కాలంలో కొంత ఆదా మాత్రం కనిపిస్తుంది. కాని మూసిన గదుల్లో కనిపించిన దిగుబడి పెరుగుదల బయలు పొలాల్లో గాలిని సుసంపన్నం చేసి చేసిన ప్రయోగాల్లో దాదాపు సగానికి పడిపోయిందని 2006 నాటి ఒక సమీక్ష తేల్చింది. పెరిగిన గింజలో పోషక విలువ కూడా తగ్గుతుంది. చైనా, జపాన్ పొలాల్లో 18 వరి రకాలపై జరిగిన ప్రయోగాల్లో మాంసకృత్తులు సుమారు 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం తగ్గినట్లు 2018లో వెల్లడైంది. మూడు పూటలా అన్నమే ప్రధానాహారమైన మన ప్రజలకు ఇది చిన్న విషయం కాదు.

లాభం వైపు అంకె ఇలా ఉంటే, నష్టం వైపు అంకెను పెంచేది వేడి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ క్షేత్రాల్లో, ఎండాకాలపు వరిలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని 2004లో ప్రచురితమైంది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రభావం అంత స్పష్టంగా కనిపించలేదు. వేడి రాత్రుల్లో మొక్క శ్వాసక్రియ హెచ్చి, పగలు కూడబెట్టిన కర్బనం గింజ చేరకముందే ఖర్చవుతుందన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. యాసంగి వరి పొట్ట దశలో, పాలు పోసుకునే దశలో మన రాత్రులు ఎలా ఉంటున్నాయో రైతులకు వేరే చెప్పనవసరం లేదు. అయినా రాత్రి శ్వాసక్రియ మన రకాల ఎంపికలో లెక్కకు రావడం అరుదు.

మెట్ట నేలల్లో మరో అంశం ఉంది. ఎండిన నేల మీద తొలకరి పడగానే నేల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఉప్పెనలా వెలువడుతుంది. తూర్పు ఆఫ్రికా నేలలపై పనిచేసిన బర్చ్ 1958లో దీన్ని వివరించారు కనుక శాస్త్రజ్ఞులు ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. అనంతపురం ఎర్ర నేలలైనా, మహబూబ్‌నగర్ చెల్కలైనా తడి, పొడి మార్చి మార్చి అనుభవించేవే. వానల మధ్య విరామాలు పెరిగితే ఇటువంటి ఉప్పెనల సంఖ్య కూడా పెరిగే అవకాశం ఉంది. ఆ సమయానికి నేల మీద పైరు లేకపోతే వెలువడిన కర్బనాన్ని తిరిగి పట్టుకునే ఆకూ ఉండదు.

నేల మీద పైరు, నేలలో వేరు ఉంటే ఏమవుతుందో చూపే ప్రయోగం మనకు సమీపంలోనే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడి వాటర్‌షెడ్‌లో 1976 నుంచి రెండు సేద్య పద్ధతులను పక్కపక్కనే పోలుస్తున్నారు. ఒకటి వానాకాలం బీడు ఉంచి తర్వాత ఒక పంట వేసే పాత పద్ధతి. రెండవది వెడల్పాటి ఎత్తుమడులు, నీరు పోయే కాలువలు చేసి, సమతుల ఎరువులతో కందిని జొన్న వంటి ధాన్యంతో అంతరపంటగా వేసే పద్ధతి. మొదటి దానిలో హెక్టారుకు సుమారు ఒక టన్ను గింజ వస్తే, రెండవ దానిలో సుమారు ఐదు టన్నులు వచ్చాయి. ఇరవై నాలుగేళ్ల తర్వాత 120 సెంటీమీటర్ల లోతు వరకు పరీక్షిస్తే, మెరుగైన పద్ధతిలో హెక్టారుకు సుమారు 7 టన్నుల సేంద్రియ కర్బనం అధికంగా ఉంది. వానాకాలమంతా నేలను కప్పిన ఆకు, లోతుకు దిగిన కంది వేరు, రాలిన కంది ఆకు ఈ ఫలితంలో భాగస్వాములు.

ఈ ఫలితాన్ని కర్బన విపణి భాషలోకి మార్చి చూద్దాం. 7 టన్నులు ఇరవై నాలుగేళ్లలో అంటే ఏడాదికి సుమారు 300 కిలోల కర్బనం. కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తే సుమారు 1.1 టన్ను. ఒక టన్నుకు ఒక క్రెడిట్ చొప్పున హెక్టారుకు ఏడాదికి దక్కేది సుమారు ఒక్క క్రెడిట్. మన రాష్ట్రాల్లో సగటు కమతమే హెక్టారుకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే మంచి సేద్యం వల్ల రైతుకు కలిగే అసలు లాభం గింజలోనే ఉంది. కర్బనం దానికి తోడుగా వచ్చేది. ఈ వరుసను తలకిందులు చేసి రైతుకు చెప్పడం తగదు.

ఇక కొలత సంగతి. మనం సాధారణంగా నేల నమూనాను 15 సెంటీమీటర్ల లోతు నుంచి తీస్తాం. హెక్టారులో ఆ పొర బరువు సుమారు 2,100 టన్నులు. 300 కిలోల కర్బనం మొత్తం ఆ పొరలోనే చేరిందనుకున్నా, సేంద్రియ కర్బన శాతం ఏడాదికి 0.014 మాత్రమే పెరుగుతుంది. ఒకే మడిలో రెండు చోట్ల తీసిన నమూనాల మధ్య ఇంతకు మించిన తేడా రావడం ప్రయోగశాలలో అందరికీ తెలిసినదే. పైగా లోతు వేరు తెచ్చిన కర్బనం ఆ పొర కిందనే ఉంటుంది. కాబట్టి రెండు మూడేళ్లకు పైపొర నమూనా తీసి, పెరిగిందనో తగ్గిందనో తేల్చి డబ్బు చెల్లించే పద్ధతి రైతుకూ భరోసా కాదు, కొనుగోలుదారుకూ భరోసా కాదు.

మాగాణిలో లెక్క ఇంకా చిక్కైనది. నీరు నిలిచిన వరి మడిలో పుట్టే మీథేన్‌లో ఎక్కువ భాగం వరి మొక్కలోని గాలి గొట్టాల గుండానే బయటికి వస్తుంది. వేరుకు ప్రాణవాయువును అందించి కాపాడే లక్షణమే మీథేన్‌కు దారి ఇస్తోందన్న మాట. నూరేళ్ల కాలావధిలో మీథేన్ వేడిమి శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 27 రెట్లు. అందువల్ల డెల్టా పొలం కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత గ్రహించినా, మీథేన్‌ను కొలవకుండా దానికి మేలు అని ముద్ర వేయలేం. తడి, ఆరు పద్ధతితో మీథేన్ తగ్గుతుంది, కాని ఆరిన నేలలో నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. ఈ మూడు వాయువులను కలిపి చూస్తేనే లెక్క పూర్తవుతుంది.

ఇప్పుడు మన నమోదు పుస్తకాలను తెరచి చూద్దాం. మొక్క ఎత్తు, పిలకల సంఖ్య, ఆకు విస్తీర్ణం, ఎండు పదార్థం, వెయ్యి గింజల బరువు, దిగుబడి ఉంటాయి. వేరు లోతు, వేరు బరువు, కోత తర్వాత మిగిలిన కొయ్యకాళ్ల బరువు, లోతు పొరల కర్బనం గడులు చాలావరకు ఉండవు. పైగా పొట్టి కాండం, మొత్తం ఎండు పదార్థంలో గింజ వాటా ఎక్కువగా ఉండే రకాలను దశాబ్దాలుగా ఎంపిక చేస్తూ వచ్చాం. దేశానికి తిండి పెట్టిన ఎంపిక అది, దాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని ఆ దారిలో వేరుకు ఏమైందో తెలుసుకోవడం మన బాధ్యత. వేరు ఎంపికకు లొంగని లక్షణమూ కాదు. లోతు వేరుకు కారణమైన డీఆర్‌ఓ1 జన్యువును ఐఆర్ 64 వరి రకంలోకి చేర్చి, బెట్టలో దిగుబడి నిలబెట్టవచ్చునని జపాన్ శాస్త్రజ్ఞులు 2013లో నిరూపించారు.

వేర్లు తవ్వడం శ్రమతో, ఖర్చుతో కూడిన పని అని, రెండు పంటకాలాల్లో ముగిసే స్నాతకోత్తర పరిశోధనలో అది సాధ్యం కాదని సహోద్యోగులు అంటారు. ఈ అభ్యంతరంలో బలం ఉంది. అయితే ప్రతి ప్రయోగంలో ప్రతి మడినీ తవ్వమని ఎవరూ కోరడం లేదు. విడుదలకు చివరి దశలో ఉన్న రెండు మూడు రకాలకు, పోలికకు వేసిన రకానికి, పూత దశలో ఒక్కసారి గొట్టంతో నేల తీసి కడిగితే చాలు. దీర్ఘకాలిక ప్రయోగాల మడులు మనకు ఉన్నాయి. 1970లో ఆరంభమైన అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లో జగిత్యాల కూడా ఒక కేంద్రం. ఇటువంటి చోట్ల కనీసం 60 సెంటీమీటర్ల లోతు వరకు, నేల స్థూల సాంద్రతతో సహా, ఐదేళ్లకొకసారి నమూనా తీసి భద్రపరచాలి.

దీనికి తోడు పొలం మొత్తం వినిమయాన్ని రాత్రింబగళ్లు కొలిచే ఫ్లక్స్ టవర్లు కావాలి. గాలి సుళ్లలో పైకీ కిందికీ కదిలే కార్బన్ డయాక్సైడ్‌ను సెకనుకు పది నుంచి ఇరవై సార్లు కొలిచే పరికరాలు వీటిలో ఉంటాయి. కటక్‌లోని జాతీయ వరి పరిశోధనా సంస్థ మాగాణి వరిలో ఈ విధంగా కొలతలు తీసింది. ఎర్ర చెల్క, నల్లరేగడి, డెల్టా మాగాణి అనే మూడు పరిసరాల్లో కనీసం ఒక్కొక్క పరిశోధనా స్థానంలో ఇటువంటి గోపురం పదేళ్లు ఆగకుండా పనిచేయాలి. మూడేళ్ల ప్రాజెక్టు ముగియగానే మూలపడే పరికరం వల్ల ప్రయోజనం లేదు. కరువు ఏడూ, ముంపు ఏడూ రెండూ చూసిన కొలతే నమ్మదగినది. కర్బన వ్యాపారం చేయదలచిన సంస్థలు ఈ కొలతల ఖర్చులో భాగం పంచుకోవాలని, కొలతల అజమాయిషీ మాత్రం ప్రభుత్వ పరిశోధనా సంస్థల చేతిలో ఉండాలని నా సూచన.

ఈ లెక్కలు చేతికి వచ్చేవరకు విస్తరణ సిబ్బంది రైతుకు రెండు విషయాలు స్పష్టంగా చెప్పాలి. మొదటిది, బీడు తగ్గించడం, పప్పుధాన్యాన్ని అంతరపంటగా వేయడం, కొయ్యకాళ్లను కాల్చకుండా నేలలో కలపడం క్రెడిట్ వచ్చినా రాకపోయినా మేలు చేసే పనులు. రెండవది, సంతకం చేసే ముందు ఒప్పందంలో కొలత ఎవరు చేస్తారో, ఎంత లోతు వరకు చేస్తారో, కరువు వచ్చి నేలలోని కర్బనం తగ్గితే ఆ నష్టం ఎవరు భరిస్తారో అడిగి తెలుసుకోవాలి. ఆ నష్టం రైతు మీద పడే నిబంధన ఉంటే సంతకం చేయవద్దని చెప్పడానికి మనం వెనుకాడకూడదు. రానున్న వానాకాలం ప్రయోగాల ప్రణాళికలు సిద్ధమయ్యే సమయానికి, ప్రతి నమోదు పుస్తకంలో వేరు లోతుకు, కొయ్యకాళ్ల బరువుకు, లోతు పొర కర్బనానికి మూడు గడులు చేర్చవలసిందిగా సహశాస్త్రవేత్తలను కోరుతున్నాను.