సీసాల వరుస ఆతిథ్యం కాదు

తక్కువ ఖర్చుతో ఇంట్లో కాక్‌టెయిల్ పార్టీ ఇవ్వదలచినవారికి ఆతిథ్యం గురించి రాసేవారు దాదాపు ఏకకంఠంతో చెప్పే సలహా ఒకటుంది. వోడ్కా, జిన్, రమ్, విస్కీ, టెకీలా తలా ఒక సీసా, వాటికి తోడు వెర్మూత్, అంటే మూలికల వాసన పట్టించి కొంత మద్యసారం చేర్చిన వైన్, ఆపైన నారింజ లిక్యూర్, టానిక్, సోడా, రెండు మూడు పళ్లరసాలు సమకూర్చుకోవాలనీ, డబ్బు చాలకపోతే వీటిలోనే చవక రకాలు చూసుకోవాలనీ ఆ సలహా సారాంశం. ఖర్చంతా సీసా ధరలోనే ఉంటుందన్న లెక్క, అతిథి ముందు నాలుగు రకాలు పెట్టడమే మర్యాద అన్న భావన దీనికి పునాదులు. ఈ రెండింటిలో ఏదీ పరీక్షకు నిలవదు.

ముందుగా లెక్క సంగతి. ఇరవై మంది వచ్చి మనిషికి మూడు గ్లాసుల చొప్పున తాగుతారనుకుని, గ్లాసుకు 45 మిల్లీలీటర్ల మద్యం పోస్తే మొత్తం 2.7 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు సరిపోతాయి. అయితే ఎవరికి ఏది కావాలో ముందుగా తెలియదు గనుక ప్రతి రకమూ చాలినంత ఉంచాలన్న నియమం పెట్టుకున్న ఇంట్లో ఏడెనిమిది సీసాలకు మూతలు లేస్తాయి, వాటిలో సగం సగంలోనే ఆగిపోతాయి. మూత తీసిన వెర్మూత్ ఫ్రిజ్‌లో పెట్టినా కొన్ని వారాలకే రుచి కోల్పోతుంది, టానిక్‌లో గ్యాసు మర్నాటికే పోతుంది, నారింజ లిక్యూర్ మాత్రం పాడవకుండా, ఎవరికీ పనికిరాకుండా ఏళ్ల తరబడి అలమరలో కూర్చుంటుంది. రకాల సంఖ్య తగ్గించకుండా ప్రతి రకంలోనూ నాసి సరుకు కొనమని చెప్పడమంటే, చిల్లి ఉన్న కుండలో నీళ్లు కొంచెం కొంచెంగా పోయమని చెప్పడమే.

ఈ పొరపాటుకు చారిత్రక కారణం ఉంది. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి ఇచ్చిన నిర్వచనం ప్రకారం కాక్‌టెయిల్ అంటే ఏదో ఒక మద్యం, చక్కెర, నీరు, బిటర్స్ అనే చేదు మూలికల సారం కలిసిన పానీయం. గ్లాసు గ్లాసుకూ విడిగా కలిపేది కాబట్టి, కలపడమే వృత్తిగా ఉన్న మనిషి నిలబడి, అడిగినవారికి అడిగినది ఇచ్చి డబ్బు తీసుకునే బారే దానికి తగిన చోటు. ఇళ్లలోనూ విందుల్లోనూ అంతకుముందు నుంచీ నడిచినది పంచ్, అంటే మద్యం, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధద్రవ్యాలు ఒకే పెద్ద పాత్రలో కలిపి అందరికీ పంచే పానీయం. ఇది ఇంగ్లండుకు చేరింది మన దేశపు తీరాల నుంచే. 1611 నాటికే మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో దిగిన ఈస్టిండియా కంపెనీ మనుషుల ఉత్తరాల్లో 1632లో పంచ్ పేరు కనిపిస్తుంది, 1638లో సూరత్‌లో గడిపిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో అలాంటి పానీయాన్నే వర్ణించాడు. అమెరికన్ బార్టెండర్ జెర్రీ థామస్ 1862లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం పంచ్‌లతోనే మొదలవుతుంది, కాక్‌టెయిళ్లకు అందులో దక్కిన చోటు స్వల్పం. కనుక పంచ్ అంటే కాలేజీ కుర్రకారు ప్లాస్టిక్ డబ్బాలో కలుపుకునే చవకబారు సరుకని ఈసడించేవారికి తెలిసినది దాని చివరి దశ మాత్రమే.

1917లో సెయింట్ లూయిస్ నగరంలో శ్రీమతి వాల్ష్ అనే సంపన్న గృహిణి ఇచ్చిన విందును తొలి కాక్‌టెయిల్ పార్టీగా తరచూ పేర్కొంటారు. ఆమె ఆదివారం మధ్యాహ్నం యాభై మందిని పిలిచింది, రకరకాల పానీయాలు కలిపి ఇవ్వడానికి నేర్పరిని పెట్టింది, గంటలో విందు ముగించింది. తరువాతి తరాలు ఆమె రకాలను అనుకరించి ఆ గంటను వదిలేశాయి. నేర్పరిని పెట్టుకునే స్తోమత లేని మధ్యతరగతి ఇంటికి ఆ రెండింటిలో పనికొచ్చేది గంటే. ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకని ఆహ్వానంలోనే రాసిన పార్టీకి భోజనం పెట్టనక్కరలేదు, వేయించిన పల్లీలు, జీడిపప్పు, ఉప్పూకారం తగిలిన చిరుతిండి రెండు రకాలు చాలు.

పంచ్‌లో పొదుపు ఎక్కడుందో దాన్ని కలిపే తీరులోనే తెలుస్తుంది. మందపాటి తొక్క ఉన్న పెద్ద నిమ్మకాయల పైపొరను, కింది తెల్లభాగం రాకుండా పలుచగా చెక్కి, చక్కెర వేసి నలిపి రెండు మూడు గంటలు ఉంచితే తొక్కలోని నూనె దిగి చక్కెర తడిముద్ద అవుతుంది. ఖరీదైన లిక్యూర్ ఇచ్చే పరిమళాన్ని పారేసే తొక్కే ఇస్తుందన్న మాట. దానిమీద వేడి తేనీరు పోసి చక్కెర కరిగించి, నిమ్మరసం కలిపి, చల్లారాక ఒకే రకం మద్యం, మధ్యరకం రమ్ అయినా చాలు, చేర్చాలి. ముందురోజు స్టీలు గిన్నెలో గడ్డకట్టించిన పెద్ద మంచుదిమ్మను అందులో వేస్తే, దాని ఘనపరిమాణంతో పోల్చితే గాలికీ ద్రవానికీ తగిలే ఉపరితలం తక్కువ గనుక, చిన్న ముక్కల కన్నా నిదానంగా కరుగుతుంది. మద్యం చేర్చకముందే కొంత వేరే పాత్రలోకి తీసి ఉంచితే, తాగనివారికి మూలన కోలా సీసా చూపించే అవమానం తప్పుతుంది.

ఎంపిక లేకపోతే అతిథి చిన్నబుచ్చుకుంటాడన్న వాదం తెలుగువారి నోట వినిపించడం మరీ విడ్డూరం. పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవారిని ఏ పప్పు కావాలని ఎవరూ అడగరు, వండినదే అందరికీ వడ్డిస్తారు, లోటుగా ఎవరూ భావించరు. అదే సమాజం పెళ్లికి ముందు హైదరాబాదులో కాక్‌టెయిల్ నైట్ పేరిట విదేశీ సీసాల వరుస పేర్చి, చివరికి చాలామంది గ్లాసుల్లో విస్కీలో సోడా పోసి ముగిస్తుంది. కాక్‌టెయిల్ అక్కడ పేరుకే.

పంచ్ మీద నిలబడే ఆక్షేపణ ఒక్కటే ఉంది: తీపి, పులుపు మాటున మద్యం ఘాటు తెలియక మనిషి అవసరానికి మించి తాగేస్తాడు. దీనికి విరుగుడు సీసాలు పెంచడం కాదు, కొలిచి కలపడం. కరగబోయే మంచునీటిని కూడా లెక్కలో పట్టి, 40 శాతం మద్యసారం ఉన్న రమ్ ఒక పాలు, తక్కినవన్నీ కలిపి నాలుగు పాళ్లు ఉండేలా చూస్తే పానీయంలో మద్యసారం 8 శాతం అవుతుంది, మామూలు బీరు కన్నా కొంచెం ఎక్కువ, వైన్ కన్నా తక్కువ. 150 మిల్లీలీటర్ల గ్లాసులు అరవైకి కావలసిన రమ్ అప్పుడు 1.8 లీటర్లే, మూడు సీసాలు తెస్తే మూడోదానిలో సగానికి పైగా మిగులుతుంది. పాత్ర పక్కన ఈ పాళ్లు రాసిన చీటీ ఒకటి పెడితే, కారు నడిపి ఇంటికి వెళ్లాల్సినవారు ముట్టకుండా రెండో పాత్ర వైపు వెళ్లడానికి ఎవరినీ అడగనక్కరలేదు.