హిమపథంలో దంపతులు: రెండు ప్రశ్నలు

దేశాటనం వలన విజ్ఞానం వృద్ధి పొందుతుందని పెద్దలు చెప్పిన మాట అందరికీ తెలిసినదే. అయితే ఆ దేశాటనం ఎవరు చేశారు, ఎవరి భుజాల మీద చేశారు, దాని వలన లభించిన కీర్తి ఎవరి పేర వ్రాయబడింది అన్న ప్రశ్నలు మాత్రం మనం సాధారణంగా వేసుకోము. ఈ ప్రశ్నలు నాకు తోచినవి కావు. మా తరగతిలో ఇద్దరు విద్యార్థులు వేసినవి. వాటికి ఆనాడు నేను తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

ఒకనాడు యాత్రా సాహిత్యాన్ని గురించి పాఠం చెబుతూ, అమెరికా దేశపు దంపతులైన ఫానీ బులక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్‌ల కారకోరం యాత్రలను ప్రస్తావించాను. పాఠం ముగియగానే ఒక విద్యార్థి లేచి, "ఎంత ఉదారుడండీ ఆ భర్త! భార్యను అంత దూరం వెంట తీసుకొని వెళ్ళాడు" అన్నాడు. వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థిని, "ఆమే ఆయనను తీసుకొని వెళ్ళిందని ఎందుకు అనకూడదు సార్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగిన తరువాత, ఎన్నడూ నోరు విప్పని మరొక విద్యార్థి, "వాళ్ళ సామాను ఎవరు మోశారు సార్?" అన్నాడు. అతని తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ అని నాకు తెలుసు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

మొదటి ప్రశ్నను ముందుగా పరిశీలిద్దాం. ఫానీ 1859లో మసాచుసెట్స్ రాష్ట్రంలో సంపన్న కుటుంబంలో జన్మించింది. తండ్రి ఆ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవాడు. 1882లో ఆమె తనకంటె పన్నెండేళ్ళు పెద్దవాడైన డాక్టర్ విలియంను వివాహమాడింది. కొండలెక్కడం ఆమెకు నేర్పినది భర్తే అన్నది నిజం. కాని నేర్చిన విద్యలో ఆమె అక్కడే నిలిచిపోలేదు. 1890ల చివర ఆ దంపతులు సైకిళ్ళ మీద మన దేశమంతా తిరిగారు. దక్షిణాన సముద్రతీరం మొదలు ఉత్తరాది వరకు ఆలయాలనూ, శిథిల నగరాలనూ చూచుకుంటూ సాగిన ఆ ప్రయాణాన్ని గురించి 1904లో వారు ప్రకటించిన గ్రంథం పేరులోనే పద్నాలుగు వేల మైళ్ళు అని ఉన్నది. మైదానాల ఎండకు తాళలేక 1898 వేసవిలో వారు కాశ్మీరం, లదాఖ్ ప్రాంతాలకు వెళ్ళారు. ఆ చల్లని కొండలే తరువాతి పద్నాలుగు సంవత్సరాలూ వారి జీవితాన్ని శాసించాయి.

1899లో బియాఫో హిమానీనదం, 1902, 1903 సంవత్సరాలలో చోగో లుంగ్మా, 1906లో నున్ కున్ శిఖరాలు, 1908లో హిస్పార్, 1911, 1912లలో సియాచిన్. ఇవన్నీ ఆ దంపతులు కలిసి నడిచిన దారులు. హిస్పార్ హిమానీనదం మీదుగా ఎక్కి, కనుమ దాటి, బియాఫో మీదుగా దిగిన యాత్రలో వారు సుమారు డెబ్బది అయిదు మైళ్ళు మంచు మీదనే నడిచారు. నలభై ఏడేళ్ళ వయస్సులో ఫానీ నున్ కున్ సముదాయంలోని పినకిల్ శిఖరాన్ని ఎక్కింది. దాని ఎత్తు 22,735 అడుగులు. స్త్రీలలో అంతటి ఎత్తుకు ఎక్కిన ఖ్యాతి 1934 వరకు ఆమెదే.

అయితే ఈ అంకెలకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది వారి పని విభజన. ఒక యాత్రలో ఒకరు కూలీలు, తిండి, గుడారాలు, దారి ఏర్పాట్లు చూస్తే, రెండవవారు కొలతలు, పరిశీలనలు, ఛాయాచిత్రాలు చూసేవారు. మరుసటి యాత్రలో ఆ బాధ్యతలు తారుమారయ్యేవి. వంట ఏర్పాట్లు ఆమెవి, శాస్త్రం ఆయనది అన్న శాశ్వతమైన గీత వారి మధ్య లేదు. 1912 నాటి సియాచిన్ యాత్రకు నాయకత్వం ఫానీది. ఆ సంగతిని గ్రంథంలో స్పష్టంగా ప్రకటించవలసిన అవసరం ఉన్నదని కూడా ఆమె భావించింది. స్త్రీలు చేసిన పని ఎప్పుడూ పక్కనున్న పురుషుని ఖాతాలో జమ అవుతుందని ఆమెకు తెలుసు. ఆ యాత్రలోనే సుమారు ఇరవై ఒక్క వేల అడుగుల ఎత్తున, స్త్రీలకు ఓటు హక్కు కావాలన్న శీర్షిక గల పత్రికను పట్టుకొని ఆమె నిలబడగా ఛాయాచిత్రం తీశారు. ఆమె స్వదేశంలో ఆ హక్కు రాజ్యాంగ సవరణ ద్వారా లభించినది 1920లో.

కనుక ఆ విద్యార్థిని ప్రశ్నకు నా సమాధానం ఇది: అమ్మాయీ, ఎవరూ ఎవరినీ తీసుకొని వెళ్ళలేదు. ఇద్దరూ వెళ్ళారు. కాని మన భాషలోనే "తీసుకొని వెళ్ళాడు" అన్న క్రియ భర్తకు కట్టుబడి ఉన్నది. భార్యను చదివించాడు, ఉద్యోగానికి పంపించాడు, ఊరు చూపించాడు అంటాము. భర్తకు ఉద్యోగం రావడానికి, చదువు సాగడానికి భార్య ఏమి చేసిందో చెప్పడానికి మన దగ్గర అంతటి తేలికైన మాట లేదు. ఆడపిల్లల విహారయాత్ర అనగానే "పంపిస్తారా?" అని అడుగుతాము. మగపిల్లల విషయంలో "వెళ్తారా?" అని మాత్రమే అడుగుతాము. ఈ రెండు క్రియల మధ్య దూరం పినకిల్ శిఖరం ఎత్తుకంటె తక్కువేమీ కాదు.

ఇక రెండవ ప్రశ్న. ఇక్కడ నా అభిమాన పాత్రలను నేను సమర్థించలేను. వర్క్‌మన్ దంపతులకు నచ్చని వారిలో ప్రథములు వారి సామాను మోసినవారే. బల్తిస్తాన్ గ్రామాల నుండి వచ్చిన ఆ కూలీలను గురించి వారి గ్రంథాలలో సోమరులనీ, దొంగలనీ, మొండివారనీ ఫిర్యాదులు కోకొల్లలు. 1898లో సిక్కిం వైపు బయలుదేరినప్పుడు చలికాలం ముంచుకొస్తున్న వేళ కూలీలు మంచులోకి ముందుకు పోవడానికి నిరాకరించారు. యాత్ర ఆగిపోయింది. దంపతులు దీనిని ద్రోహంగా భావించారు. తాము ఉన్ని దుస్తులు తొడుక్కొని, మంచి బూట్లు వేసుకొని నడిచేటప్పుడు, పక్కన బరువుతో నడుస్తున్న మనిషి కాళ్ళకు ఏమున్నదో చూడవలసిన అవసరం ఉన్నదని వారికి తోచినట్లు లేదు. తనకు ఓటు కావాలని శిఖరాల మీద నిలబడి అడిగిన స్త్రీకి, తన గుడారం మోసిన మనిషి "రాను" అనడం కూడా ఒక హక్కేనని స్ఫురించకపోవడం విచారకరం.

సియాచిన్ యాత్రలో చెసారే షెనో అనే ఇటలీ దేశస్థుడు మంచు పగులులో పడి మరణించాడు. ఆయన పేరు చరిత్రలో నిలిచింది. ఆ హిమానీనదం పటాన్ని తయారుచేసిన గ్రాంట్ పీటర్కిన్, ఆయనకు తోడుగా సర్వే ఆఫ్ ఇండియా నుండి వచ్చిన సుర్జన్ సింగ్ పేర్లు కూడా నిలిచాయి. ఆ పటం యోగ్యమైనదిగా గుర్తింపు పొందింది. కాని ఏటేటా వెంట నడిచిన బల్తీ కూలీలు మాత్రం ఎక్కువగా సంఖ్యలుగానే మిగిలిపోయారు. సియాచిన్ అన్న పేరే వారి భాషలోని మాట. గులాబీలు విరివిగా ఉండే చోటు అని దాని అర్థం. 1984 తరువాత ఆ పేరు వినగానే మనకు సైనికులు గుర్తుకు వస్తారుగాని, ఆ పేరు పెట్టిన పశుకాపరులు గుర్తుకు రారు.

మనుషులను తూచడంలోనే గాక, కొలతలలో కూడా ఆ దంపతులు నిర్దోషులు కారు. 1908లో అనీ పెక్ అనే మరొక అమెరికన్ మహిళ పెరూ దేశంలోని హువాస్కరాన్ శిఖరం ఎక్కి, అది ఇరవై నాలుగు వేల అడుగులు ఉండవచ్చునని ప్రకటించినప్పుడు, ఫానీ తన సొంత ధనం పదమూడు వేల డాలర్లు వెచ్చించి ఫ్రెంచి సర్వేయర్ల చేత ఆ శిఖరాన్ని కొలిపించింది. అది 21,812 అడుగులని తేలింది. సత్యం నిలిచింది, సంతోషమే. కాని పినకిల్ శిఖరం 23,300 అడుగులని ఆమె చెప్పుకొన్న లెక్క కూడా అసలుకంటె ఎక్కువే. ఎదుటివారి శిఖరాన్ని కొలిచే తక్కెడతోనే మన శిఖరాన్ని కూడా కొలుచుకోవాలి.

ఇన్ని లోపాలు చూచిన తరువాత ఈ దంపతులను పాఠంలో చెప్పడం మానివేయాలా? మానవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. 1925లో మరణించేటప్పుడు ఫానీ నాలుగు మహిళా కళాశాలలకు మొత్తం లక్షా ఇరవై అయిదు వేల డాలర్లు వదిలి వెళ్ళింది. తనకు దొరికిన దారి తన తరువాతివారికి కూడా దొరకాలన్న తపన ఆమెలో ఉన్నదనడానికి అది నిదర్శనం. ఆ దారిలో కూలీకి చోటు లేకపోవడం ఆమె లోపం. ఒకదాని కోసం రెండవదానిని దాచిపెట్టడం మాత్రం ఉపాధ్యాయుని లోపం అవుతుంది. ఆనాడు తరగతిలో నేను చేసినది అదే. శిఖరాల ఎత్తులు చెప్పాను, బరువుల సంగతి చెప్పలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో చాలామంది రేపు గృహస్థులవుతారు. మీ సంసారంలో ఏర్పాట్లు ఎప్పుడూ ఒకరివి, ఆలోచన ఎప్పుడూ మరొకరిది కాకుండా చూచుకోండి. ఏడాదికొకసారి అయినా బాధ్యతలు మార్చుకోండి. కళాశాల పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈసారి విద్యార్థులు ఏ కొండకో, ఏ కోటకో బయలుదేరేటప్పుడు జాబితాలో అమ్మాయిల పేర్లు కూడా ఉండనివ్వండి. తిరిగి వచ్చి ఈ సంచికలోనే యాత్రా విశేషాలు వ్రాసేటప్పుడు, వెంట వచ్చి వండిపెట్టిన వంటమనిషి పేరు, బస్సు నడిపిన డ్రైవరు పేరు కూడా అచ్చు వేయించండి. దానికి పట్టేది రెండు పంక్తుల చోటు. ఆనాడు ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు అంతకంటె మంచి సమాధానం నాకు తోచడం లేదు.