చదరంగం కథ ఇక చాలు

కూచ్‌బెహార్ పేరెత్తితే చాలు, అక్కడి రాజూ రంగపూర్‌లోని మొఘల్ ఫౌజ్‌దారూ చదరంగంలో ఊళ్లు పందెం కాశారన్న కట్టుకథ ఎత్తుకుంటారు. నాకది వినాలంటేనే విసుగు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ జిల్లా ఒకప్పుడు కోచ్ రాజుల సంస్థానం. 18వ శతాబ్దం మొదట్లో మొఘలులతో సంధి కుదిరాక ఎవరి చేతిలో ఉన్న ఊళ్లు వాళ్లకే మిగిలాయి. దానివల్ల అప్పట్లో ఎవరికీ పెద్ద చిక్కేమీ రాలేదు. 1947లో దేశవిభజన గీత పడి, 1949లో సంస్థానం భారత్‌లో కలిశాక అవే చిట్‌మహళ్లయ్యాయి, అంటే పరాయి దేశం మధ్యలో చిక్కుకున్న ఊళ్లు: నేటి బంగ్లాదేశ్‌లో మనవి 111, ఇటువైపు వాళ్లవి 51. అక్కడివాళ్లకు ఓటు ఉండేది కాదు, కరెంటు ఉండేది కాదు. పిల్లాణ్ని బళ్లో వేయాలంటే తండ్రి పేరు దగ్గర పక్క ఊళ్లో ఎవరి పేరో రాయించాల్సి వచ్చేది. ఈ ఊళ్ల మార్పిడికి మన ప్రధాని ఇందిర, బంగ్లాదేశ్ ప్రధాని ముజీబ్ 1974లోనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. బంగ్లాదేశ్ ఆ ఏడాదే ఆమోదించింది. రాజ్యాంగ సవరణ దగ్గర నాన్చింది మన ఢిల్లీయే. మార్పిడి జరిగేసరికి 2015 జూలై 31 అర్ధరాత్రి అయింది. ఈ 41 ఏళ్లకూ ఏ రాజు జూదాన్ని తిట్టాలి? పోనీ, ఇప్పుడైనా తంటా తీరిందా? ముళ్లకంచె చాలాచోట్ల సరిహద్దుకు బాగా ఇవతల వేశారు. దాని అవతల పొలమున్న రైతు, స్థానిక రాజవంశీ కులస్థుడైనా ముస్లిం అయినా, గేటు దగ్గర జవానుకు కార్డు చూపించి, తెరిచే వేళా మూసే వేళా చూసుకునే నాట్లకు వెళ్లాలి.