వెల్వర్తి మాట, బిజినేపల్లి ముచ్చట

ఏటా సెప్టెంబరు 9న, కాళోజీ జయంతి నాడు, తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఒకప్పుడు సినిమాలో హాస్యగాడికీ, రౌడీకీ మాత్రమే దక్కిన యాస ఇవాళ కథానాయిక నోట పలుకుతోంది. ఎన్నో ఏళ్లు పడ్డ అవమానానికి అది చిన్న ఊరట కాదు. అయితే తెర మీద వినిపిస్తున్న ఆ యాస ఏ ఊరిది? అందులో గద్వాల రైతు, దేవరకొండ కూలీ, భువనగిరి నేతగాడు ముగ్గురూ ఒకే తీరుగా మాట్లాడతారు. ఆ మూడు దిక్కులా తిరిగినవాళ్లెవరూ దాన్ని ఒప్పుకోరు. అలంపురం, గద్వాల వైపు మాటకు కర్నూలు, రాయచూరుల పొత్తు ఉంది. నారాయణపేటలో కన్నడం, మరాఠీ తెలుగుతో కలిసి కాపురం చేస్తాయి. అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల తెలుగు వేరు. దేవరకొండ తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు. ఇన్ని పలుకుబళ్లను తుడిచి ఒక్క యాసగా చేస్తే, వెక్కిరింత చెయ్యలేని నష్టం మెచ్చుకోలు చేస్తుందని మా భయం.

ఈ సంగతి ముందే పసిగట్టి పనిచేసినవారు మనకున్నారు. వలిగొండ దగ్గర వెల్వర్తిలో, నేతపని ఇంట 1943లో పుట్టారు రవ్వా శ్రీహరి. సంస్కృత వ్యాకరణంలో దిట్ట. ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు ఎక్కని మాటలను ఏరి ‘శ్రీహరి నిఘంటువు’ కూర్చారు. అంతటి పండితుడు ‘నల్లగొండ జిల్లా ప్రజల భాష’ అని ఒక పుస్తకం రాశారు. తెలంగాణ మాండలికాలకు కావ్యాల్లో ఉన్న ప్రయోగాలను వెదికి ఇంకో పుస్తకం తెచ్చారు. మోటుమాట అని బడిలో కొట్టివేయించిన పలుకు పాత కావ్యంలో దొరికిందంటే ఇక దాన్ని తప్పు అనే ధైర్యం ఎవరికుంటుంది? నల్లగొండ ముసలమ్మ ‘నాకెర్క’ అన్నా, ‘చక్కెరవోలె ఉంది’ అన్నా ఆ ఎరుక, ఆ వోలె పాత కవులు వాడినవే. శ్రీహరి 2023లో కన్నుమూశారు. ఆయన రాసిన నల్లగొండ జిల్లా 2016లో మూడు ముక్కలైంది, వెల్వర్తి ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. పుస్తకం మాత్రం ఆ పాత జిల్లాను మాటల్లో నిలబెట్టింది.

పాలమూరుకు ఆ మేలు కథల దారిన జరిగింది. బిజినేపల్లిలో 1929లో పుట్టిన పాకాల యశోదారెడ్డి తెలుగు హరివంశాల మీద పరిశోధన చేసి, ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ అచ్చువేశారు. అందులో ఊరి ఆడవాళ్లు మాట్లాడుకుంటారు, సాధిస్తారు, దెప్పుతారు, సామెత మీద సామెత విసురుతారు. పదకోశంలో మాట ఒంటరిగా నిలబడుతుంది. ఆమె కథలో అదే మాట ఎవరు ఎవరితో, ఏ కోపంలో, ఏ చనువులో అన్నారో కూడా తెలుస్తుంది. పాలమూరు గుంపుమేస్త్రీల వెంట దేశమంతా కాలువలు తవ్వబోయిన జిల్లా. వలసపోయినవాళ్ల మాట ఊరూరి రంగు పూసుకుంటుంటే, ఊళ్లో మిగిలిన ఆడవాళ్ల నోట పాత పలుకు నిలిచింది. యశోదారెడ్డి దాన్నే పట్టుకున్నారు.

ఇద్దరూ ప్రాచీన సాహిత్యం లోతు చూసినవారు కావడం కాకతాళీయం కాదని మా నమ్మకం.

ఏ ప్రభుత్వమూ అడగకముందే వారు ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నారో చరిత్ర చెబుతుంది. గ్రియర్సన్ భాషా సర్వే 1894లో మొదలై 1928 దాకా సాగింది. నిజాం రాజ్యం అందులో చేరనే లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయం మీద 1962లో, చేనేత మీద 1971లో వెలువడింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేసిన గొప్ప పనుల్లో అదొకటి. కానీ పని మారితే పలుకూ మారుతుంది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమే చూడండి. ఒకపక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస. వాటి మధ్య దారం తిప్పుతూ ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక శారాజీపేట చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఎందరో ఆడవాళ్ల బాధ తీరింది, అంతకంటే కావలసిందేముంది? అయితే చేత్తో ఆసు పోసిన తరం ఆ పనిలో దారం తెగితే, చిక్కుపడితే, లెక్క తప్పితే ఏమేమనేదో ఇప్పుడే అడిగి రాసుకోవాలి. ఆ పని ఎరగని కోడళ్లకు ఆ మాటలతో అవసరమే పడదు.

ఒక్క ఊరి మాటను ఎలా కాపాడుకోవచ్చో ఇటలీలో చూడవచ్చు. అక్కడి మొలీసె ప్రాంతంలో మూడు చిన్న ఊళ్లున్నాయి. సుమారు 500 ఏళ్ల కిందట తురుష్కుల దాడులకు జడిసి అడ్రియాటిక్ సముద్రం దాటి వచ్చిన క్రొయేషియావాళ్ల సంతతి అక్కడ ఉంది. వారి భాషను ఇటలీ 1999లో చేసిన 482వ చట్టం గుర్తించింది. అక్కవీవా కొల్లెక్రోచె అనే ఒక్క ఊరి పలుకుకే 2000లో వాల్టర్ బ్రాయ్, జొవాన్నీ పిక్కోలి నిఘంటువు కూర్చారు. మొత్తం మాట్లాడేవాళ్లు మన ఒక పెద్ద ఊరి జనాభా అంత కూడా ఉండరు. అయినా పొరుగూరి మాటలో కలిపేయకుండా ఆ ఊరికి దాని నిఘంటువు దానికి ఇచ్చారు. మనకు కావలసింది ఆ పట్టింపు.

ఉస్మానియాలో, పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల్లో తెలుగు చదివే పిల్లల్లో చాలామంది ఈ ఊళ్లవాళ్లే. పరిశోధనకు అంశం దొరకలేదని ఎవరూ దిగులుపడనక్కర్లేదు, అంశం అవ్వ పక్కన కూర్చుంటే దొరుకుతుంది. జేబులో ఫోనుంది, అది చాలు. వచ్చే సంచిక నుంచి మా పత్రికలో రెండు పేజీలు ఇందుకే కేటాయిస్తున్నాం. పంపేవాళ్లు మాటను దిద్దవద్దు, విన్నది విన్నట్టే రాయండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, వారు చేసిన పని తప్పకుండా చేర్చండి. జిల్లా పేరు ఒక్కటే రాసి పంపితే వేసుకోం.