ప్రాక్టీస్‌లో బాదితే.. సీజన్ అంతా బాదుతాడా? ఇషాన్ కిషన్ లెక్క ఏం చెబుతోంది?

ఐపీఎల్ వస్తోందంటే చాలు.. ప్రాక్టీస్ మ్యాచుల సిక్సులు ఫోన్ల నిండా తిరుగుతాయి. ఉప్పల్ పక్కన ఉన్నవాళ్లే కాదు, మారేడుమిల్లి ఘాట్‌లో సిగ్నల్ దొరికిన చోట బండి ఆపి చూసేవాళ్లదీ ఒకటే మాట.. "ఈసారి మనోడు ఇరగదీస్తాడు!" మరి అంతేనా?

2025 సీజన్ ముందు సన్‌రైజర్స్ ప్రాక్టీస్ మ్యాచుల్లో ఇషాన్ కిషన్ దంచికొట్టాడు. మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్‌పై తొలి మ్యాచ్‌లోనే 47 బంతుల్లో 106 నాటౌట్. ఇంకేముంది, అంచనాలు ఆకాశానికి!

ఆ తర్వాతే అసలు కథ. తర్వాతి మూడు మ్యాచుల్లో చేసినవి 0, 2, 2. ఆ సీజన్‌లో మొత్తం 354 పరుగులు. అందులో ఆ సెంచరీ, మే 23న బెంగళూరుపై కొట్టిన 94 తీసేస్తే.. మిగతా 12 మ్యాచుల్లో కలిపి 154 మాత్రమే.

ఇప్పుడు పాత లెక్క చూద్దాం. ముంబై తరఫున 2022లో 418, 2023లో 454, 2024లో 320. అంటే 2025 స్కోరు కూడా సరిగ్గా ఈ మధ్యలోనే పడింది. ప్రాక్టీస్ వీడియో కంటే మూడేళ్ల రికార్డే నిజానికి దగ్గరగా ఉందన్నమాట.

కారణం సింపుల్. ప్రాక్టీస్‌లో బౌలర్ వికెట్ కోసమే వేయడు. కొత్త బంతి ట్రై చేస్తాడు, రిథమ్ చూసుకుంటాడు. పైగా రెండు మూడు ఇన్నింగ్స్‌తో ఎవరి ఫామూ తేలదు. అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే చర్చ. అక్కడ ఒక్కో జట్టు 162 మ్యాచులు ఆడుతుంది. దానికి ముందు ఫ్లోరిడా, అరిజోనాలో ప్రాక్టీస్ మ్యాచులు జరుగుతాయి. వాటిలో బ్యాటింగ్ సగటును విశ్లేషకులు పెద్దగా నమ్మరు. ఎన్నిసార్లు బంతిని మిస్ అయ్యాడు, చెడ్డ బంతిని వదిలేశాడా అన్నదే కాస్త పనికొచ్చే సంకేతం.

అలాగని ప్రాక్టీస్ వేస్ట్ కాదు. గాయం తగ్గిందా, పాత బలహీనత సరిచేసుకున్నాడా.. ఇవి అక్కడే తెలుస్తాయి. కానీ నాలుగు సిక్సులు చూసి తుది జట్టు తేల్చేస్తే, నెట్స్‌లో నిలకడగా ఆడే కుర్రాడికి అన్యాయం. క్లిప్ చూసి పందెం కాస్తే జేబుకు చిల్లు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంట్ చట్టం కూడా చేసింది.

సో.. ఈసారి వైరల్ సిక్స్ కనిపిస్తే ఎంజాయ్ చేయండి. అంచనా వేయాలంటే మాత్రం బంతి వేసిందెవరో, ఆ బ్యాటర్ గత మూడేళ్లలో ఏం చేశాడో ఒక్కసారి చూడండి.