లెనాక్స్ లూయిస్ పారిపోయాడా?

మన హాస్టల్లో బాక్సింగ్ అంటే టైసన్ పేరు తెలియనివారు ఉండరు. ఆ టైసన్‌ను 2002 జూన్‌లో మెంఫిస్ నగరంలో ఎనిమిదో రౌండులో పడగొట్టిన లెనాక్స్ లూయిస్ పేరు మాత్రం పదిమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప. ఆ తెలిసినవారు కూడా "క్లిచ్‌కోకు భయపడి రిటైరయ్యాడు కదా!" అంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను.

అసలు జరిగింది ఇది. 2003 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లో ఉక్రెయిన్ బాక్సర్ విటాలీ క్లిచ్‌కోతో పోటీ. లెనాక్స్‌కు అప్పుడు 37 ఏళ్ళు. అంతకు ముందెన్నడూ లేనంత బరువుతో, దాదాపు 116 కిలోలతో రింగులోకి దిగాడు. రెండో రౌండులోనే తూలిపోయాడు. ఆరు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ క్లిచ్‌కోదే పైచేయి. కానీ లెనాక్స్ దెబ్బకు క్లిచ్‌కో ఎడమ కంటిపై చీలిన గాయం చూసి డాక్టరు పోటీ ఆపించాడు. గెలుపు లెనాక్స్‌కు దక్కింది. మళ్ళీ తలపడమని అందరూ అడిగారు. అతడు 2004 ఫిబ్రవరి 6న, ఛాంపియన్‌గా ఉండగానే రిటైర్మెంట్ ప్రకటించాడు.

క్లిచ్‌కోకు ఒక పోటీ బాకీ ఉండిపోయిన మాట నిజమే. దాన్ని నేను కాదనను. కానీ పిరికివాడనడం అన్యాయం. 1994లో మెకాల్ చేతిలో ఓడాడు, 1997లో అతణ్ణే ఓడించాడు. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో రహ్మాన్ నాకౌట్ చేస్తే, అదే ఏడాది నవంబరులో రహ్మాన్‌ను నాలుగో రౌండులో నాకౌట్ చేశాడు. మొత్తం 44 పోటీల్లో ఓడినవి ఆ రెండే. రెండింటికీ బదులు తీర్చుకున్నాడు.

మిత్రులారా, ఆగకుండా ఆడినవారి గతి కూడా చూడండి. మహమ్మద్ అలీ 38 ఏళ్ళ వయసులో, 1980లో, హోమ్స్ ముందు నిలబడి పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. అది చాలక 1981లో మళ్ళీ దిగి బెర్బిక్ చేతిలో ఓడాడు. 1984లో పార్కిన్సన్ వ్యాధి బయటపడింది. లెనాక్స్ రిటైరయిందీ సరిగ్గా 38 ఏళ్ళకే.

ఇక జో లూయిస్. (పేరు మన లిపిలో ఒకేలా ఉంది గాని ఇద్దరికీ చుట్టరికం లేదు.) 1937 నుంచి ఛాంపియన్‌గా ఉండి 1949లో గౌరవంగా తప్పుకున్నాడు. 1942లో రెండు పోటీల సొమ్మును నౌకాదళ, సైనిక సహాయ నిధులకు ఇచ్చేసిన మనిషి. అయినా పన్ను బాకీలు మెడకు చుట్టుకున్నాయి. 1950లో మళ్ళీ గ్లోవ్స్ తొడిగాడు. 1951 అక్టోబరులో మార్సియానో కొట్టిన దెబ్బకు తాళ్ళ మధ్య నుంచి బయటికి పడ్డాడు. అతడికి ఆగాలని లేక కాదు, ఆగే వీలు లేక. మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. పని మానేయాలన్నా ఇంట్లో నాలుగు గింజలు ఉండాలి.

లెనాక్స్‌కు ఆ వీలుంది. అతడు దాన్ని వాడుకున్నాడు. వీలుండి కూడా చప్పట్ల కోసం తిరిగి వచ్చినవారు బాక్సింగ్‌లో కోకొల్లలు. అతడు మాత్రం మళ్ళీ రింగులో దిగలేదు.

క్లిచ్‌కో దారి కూడా మూసుకుపోలేదు. లెనాక్స్ వదిలిన డబ్ల్యూబీసీ టైటిల్‌ను 2004 ఏప్రిల్‌లోనే గెలుచుకున్నాడు. 2014లో కీవ్ నగర మేయరుగా ఎన్నికయ్యాడు.