పని అడిగేవాళ్లకు అర్హత ఒక్కటే

"ఎవరు అర్హులు?" అన్న ప్రశ్న వేసి పేదవాణ్ణి గుమ్మం దగ్గరే నిలబెట్టడం మన పాలకులకు పాత అలవాటు. రేషన్ కార్డయినా, ఇంటిస్థలమైనా, పింఛనైనా ముందు అర్హతల జాబితా వస్తుంది, వెనకాలే కోతలు వస్తాయి. ఒక్క ఉపాధి హామీ దగ్గర ఈ వరస మారింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం పెట్టిన అర్హత ఒకటే: పల్లెలో కాపురముండే కుటుంబంలో పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి, ఒళ్లు వంచి పనిచేయడానికి సిద్ధపడి, నాకు పని కావాలి అని అడగడం. తెల్లకార్డు వుందా అని అది అడగలేదు. సెంటు భూమి వుందా అని అడగలేదు. ఎన్నాళ్లుగా పని లేకుండా వున్నావో రుజువు చూపమనీ అనలేదు.

ఈ చివరి మాట మన ఆత్రేయపురం వైపు కూలీలు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ పని లేని మనిషంటే పొద్దస్తమానం అరుగు మీద కూర్చునే మనిషి కాదు. కుండ మీద రేకులు తీసే ఆడకూతురు వుంది. వేసవిలో మామిడి తాండ్ర పనికి పోయేవాళ్లు వున్నారు. ఎకరం కౌలుకు చేసి అప్పు మిగుల్చుకున్నవాడు వున్నాడు. "నీకు వేరే పని వుందిగా, కార్డెందుకు?" అని ఎవరన్నా అంటే అది చట్టం మాట కాదు, అన్నవాడి సొంత మాట. 2023లో మన పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకుకు గుర్తింపు వచ్చింది గానీ, రేకు తీసే చేతికి ఏడాది పొడుగునా తిండిపెట్టే హామీ రాలేదు. అందుకే ఆ చేతికి జాబ్ కార్డు కావాలి.

ఈ హక్కు వూరికే రాలేదు. 1977లో పనికి ఆహారం, 1980లో జాతీయ గ్రామీణ ఉపాధి కార్యక్రమం, 1983లో భూమిలేని కూలీలకోసం మరొకటి, 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన. పేర్లు మారాయి గానీ అన్నీ పథకాలే. డబ్బు వున్నన్నాళ్లు పని, అయిపోతే ఇంటికి. 1983 పథకం పేరులోనే హామీ వుంది, భూమిలేని కుటుంబంలో ఒకరికైనా వంద రోజులన్నారు. ఇవ్వకపోతే నిలదీసే దారి మాత్రం పెట్టలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, మరుసటి ఏడు మన తూర్పు గోదావరికి వచ్చిన చట్టం ఆ దారి తెరిచింది. అడిగిన 15 రోజుల్లో పని చూపాలి. చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి: మొదటి 30 రోజులు కూలిలో నాలుగోవంతు, ఆ తర్వాత సగం.

తలుపు తెరిచారు, సరే. మళ్లీ దానికి ఒక్కొక్కటే తాళం వేసుకుంటూ వచ్చారు. 2023 జనవరి నుంచి ప్రతి పనిచోటా సెల్‌ఫోన్‌లో రోజుకు రెండుసార్లు ఫోటో తీయాలన్నారు. లంకలో సిగ్నల్ అందకపోతే చేసిన పని చేసినట్టు కాదు! 2024 జనవరి 1 నుంచి ఆధార్‌కు ముడిపడిన ఖాతాలోనే కూలి వేస్తామన్నారు. పెళ్లయిన ఆడవాళ్లకు కార్డులో అత్తారింటి ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి పేరు. రెండూ కలవకపోతే మనిషే లేనట్టు లెక్క. చట్టం అడిగినది చెమట. యంత్రం అడుగుతున్నది అక్షరం పొల్లుపోని పేరు. ఇవి అర్హత నిబంధనలని ఎవరూ అనరు, కానీ చేసే పని మాత్రం అదే.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద తాళం వచ్చింది. 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వంద రోజులను 125 చేశామని చాటుతున్నారు. మంచిదే. అయితే పాత చట్టం కింద వంద అని రాసుకుని, దేశం మొత్తం మీద ఒక్కో కుటుంబానికి సగటున దక్కింది 50 రోజులు, అటూ ఇటూగా. పైగా ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించేది. ఇకమీదట నూటికి 40 వంతులు రాష్ట్రం భరించాలట. విత్తే, కోసే రోజుల్లో ఏడాదికి 60 రోజులు అసలు పనులే పెట్టకూడదట.

ఎందుకంటే, పొలాలకు కూలీలు దొరకడం లేదట! ఈ వాదన చేసేవారు డెల్టాలో ఒక్కసారి గట్ల మీద నడిచి చూడాలి. సార్వా అయినా దాళ్వా అయినా కోతకు దిగేది మిషను. పదిమంది ముఠా రోజంతా కోసే చేను అది గంటలో ముగిస్తుంది. నాట్లకు బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. వాళ్లూ మనలాంటి కూలీలే, వాళ్లమీద మనకు కోపం లేదు. కానీ కోతల కాలం అంటే కూలీకి చేతినిండా పని అన్న లెక్క కొడవలి నాటిది. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. కాలువలు కట్టేసి పూడిక తీసే పనులు కూడా ఆ వేసవిలోనే. ఆ రోజులకే సెలవు పెడితే చేలో పని మిషనుకు పోయింది, కాలువలో పని చట్టానికి పోయింది, కూలీకి మిగిలింది ఏమిటి?

అసలు సంగతి కూలి రేటు. మన రాష్ట్రంలో 2025-26కు ఉపాధి కూలి 307 రూపాయలు. పక్కన ఆ పని వుంటేనే ఆసామి దగ్గర ఆడకూలీ "ఇంతకు తక్కువైతే రాను" అని నోరెత్తగలదు. ఆ మాట అనకుండా చేయడానికే ఈ 60 రోజులు.

కనుక చేయవలసింది ఇప్పుడే చేయాలి. పని అడిగేటప్పుడు నోటిమాటగా వదలొద్దు, కాగితం రాసి తేదీ వేసిన రసీదు తీసుకోండి. రసీదు లేనిదే 15 రోజుల లెక్క లేదు, భృతీ లేదు. కార్డులో పేరు వుందో తీసేశారో ఇంటింటికీ తిరిగి చూసుకోండి. ఇంటిపేరు తేడాలు సంఘం తరపున కలిపి రాసి మండలాఫీసులో ఒక్కసారే ఇవ్వండి. 60 రోజుల తేదీలను ప్రాంతాన్నిబట్టి, పంచాయతీవారీగా కూడా ప్రకటించవచ్చని కొత్త చట్టంలోనే వుంది. కాబట్టి కాలువలు కట్టేసిన రోజుల్లో పనులు ఆపడానికి వీల్లేదని ప్రతి గ్రామసభలోనూ తీర్మానం చేయించాలి. మొత్తంగా ఆ నిబంధనే ఎత్తేయాలని పోరాడుతూనే ఈ పనీ చేయాలి.

అర్హత తేల్చవలసింది ఆఫీసులో కంప్యూటరు కాదు, ఆసామి అవసరమూ కాదు. పలుగూ పారా పట్టి వచ్చిన మనిషి అర్హుడే, అర్హురాలే. ఆ ఒక్క నిబంధన చాలు. దాని పక్కన మరొకటి చేర్చనివ్వకుండా చూడవలసింది మనమే.